స్కేట్లు కొనే ముందు ఒక్కమాట, అల్లుడూ

అల్లుడూ,

మన పాపకి కొందామని నువ్వు వాట్సాప్‌లో పంపిన స్కేట్ల ఫొటో చూశాను. కార్బన్ బూటు, మూడే మూడు చక్రాలు, ఒక్కొక్కటి 110 మిల్లీమీటర్లు, ధర 18 వేలు. ‘ఇది లేటెస్ట్ డిజైనంట మావయ్యా, ఆర్డర్ పెట్టేయనా’ అని అడిగావు. పెట్టకు. ఎందుకు వద్దంటున్నానో ఫోన్లో చెబితే సగం విని ‘సరే సరే’ అంటావు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

జూట్ మిల్లులో ఫిట్టర్‌గా చేసినన్నాళ్లూ బేరింగులతోనే కాపురం చేశానని నీకు తెలుసు. రిటైరయ్యాక విజయనగరంలో మా వీధి పిల్లల స్కేట్లు నా దగ్గరికి రావడం మొదలైంది. ఒకడికి చక్రం తిరగదు, ఇంకొకడికి బోల్టు ఊడిపోయింది, మరొకడి ఫ్రేము వంకరపోయింది. మా వరండాలో ఓ మూల ఇప్పుడు అదే పని. స్కేటింగ్ ఎలా చెయ్యాలో నేను నేర్పలేను. ఏ స్కేటు ఎక్కడ అరుగుతుందో, ఏది ఎందుకు అటకెక్కుతుందో మాత్రం చెప్పగలను. అటకెక్కినవాటిలో ఖరీదైనవే ఎక్కువ. తండ్రి కంటికి నచ్చి కొన్నవన్నమాట.

డిజైన్ మార్పు ఏదైనా సరే, ఎవరికో ఒక ఇబ్బంది ఎదురైతే దాన్ని తప్పించడానికి పుట్టిందే. కొనే ముందు ఆ ఇబ్బంది ఎవరిదో కనుక్కో. అది మన పిల్లకి ఉందా లేదా చూసుకో. ఉంటే డబ్బు పెట్టు, లేకపోతే ఆ డబ్బు ఇంకోచోట పనికొస్తుంది.

1760ల్లో లండన్‌లో మెర్లిన్ అనే బెల్జియం ఆయన చక్రాల బూట్లు తొడుక్కుని, వయొలిన్ వాయించుకుంటూ ఓ విందులోకి దూసుకొచ్చి, ఆగలేక నిలువెత్తు అద్దాన్ని బద్దలు కొట్టాడని చెబుతారు. కథలో ఉప్పూకారం ఎంత కలిపారోగానీ, అప్పటి స్కేట్లు ముందుకే పోయేవి. మలుపు తిప్పడం, ఆపడం పెద్ద తిప్పలే. 1863లో న్యూయార్క్‌లో ప్లింప్టన్ ఆ మలుపు సంగతి తేల్చాడు. చక్రాలని ముందు రెండు, వెనక రెండుగా అమర్చి, ఇరుసుకీ బూటు పలకకీ మధ్య రబ్బరు దిండు పెట్టాడు. ఒంటిని ఒక పక్కకి వాలిస్తే రబ్బరు నలుగుతుంది, ఇరుసు ఆ వైపు తిరుగుతుంది. మన పిల్లలు వేసుకునే నాలుగు చక్రాల క్వాడ్ స్కేట్లని తిరగేసి చూడు, మంచి రకమైతే ఆ రబ్బరు ఇప్పటికీ ఉంటుంది. బజారులో దొరికే బొమ్మల రకంలో రబ్బరు ఉన్నట్టు కనబడుతుందిగానీ బొటనవేలితో నొక్కితే రాయిలా ఉంటుంది. అలాంటిది తిరగదు, పిల్ల కాలు తిరుగుతుంది.

ఒకే వరసలో చక్రాలుండే ఇన్‌లైన్ స్కేట్ల ఆలోచన పాతదే అయినా, దాన్ని జనంలోకి తెచ్చింది అమెరికాలో మినియాపొలిస్‌కి చెందిన ఓల్సన్ అన్నదమ్ములు. 1980 ప్రాంతంలో రోలర్‌బ్లేడ్ పేరుతో అమ్మడం మొదలుపెట్టారు. వాళ్లు ఐస్ హాకీ ఆడేవాళ్లు. ఎండాకాలం మంచు ఉండదు, ప్రాక్టీసు ఆగిపోతుంది. అదీ వాళ్ల ఇబ్బంది. మంచు మీద బ్లేడు ఎలా నడుస్తుందో నేల మీద అలా నడిచే స్కేటు వాళ్లకి కావాలి. అందుకే ఇన్‌లైన్ మీద కాలు పక్కకి నెట్టే తీరు, ఒక అంచు మీద వాలే తీరు, అన్నీ ఐస్ స్కేటింగ్ పోలికే. మన పాప కోచింగ్‌లో చేరి రేసులవైపు వెళ్తానంటే ఇన్‌లైన్ సరైనదే. ఊరికే ఆడుకోవడానికైతే క్వాడ్‌తో మొదలుపెట్టినా తప్పులేదు. మొదట్లో నిలబడడానికి అదే తేలిక.

ఇప్పుడు ఆ మూడు చక్రాల సంగతికి వస్తాను. పెద్ద చక్రం రోడ్డు మీది చిన్న పగుళ్ల మీంచి సాఫీగా పోతుంది, ఒకసారి వేగం అందుకున్నాక ఆ వేగాన్ని నిలబెడుతుంది. దూరం పోటీల్లో తిరిగేవాళ్లకి అది వరమే. మన పాపకి ఎనిమిదేళ్లు, పాదం 200 మిల్లీమీటర్లకి అటూ ఇటూ ఉంటుంది. మూడు 110 చక్రాలని పక్కపక్కన ఆనించి పెడితేనే 330 అవుతుంది. అంత పొడుగు బండిని ఆ చిన్న పాదం తిప్పాలి. ఎత్తు కూడా చూడు. 72 మిల్లీమీటర్ల చక్రానికి ఇరుసు నేలకి 36 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటే, దీనికి 55. ఎత్తు పెరిగినకొద్దీ చీలమండ లోపలికి వాలిపోయే ప్రమాదం పెరుగుతుంది. పిల్లలు స్కేట్లు వేసుకుని నడుస్తుంటే వెనక నించి చూడు, రెండు మడమలూ లోపలికి విరిగినట్టు ఉంటాయే, అది చాలావరకు బూటు పట్టు లేకపోవడం వల్లే.

కార్బన్ బూటు ఇంకా విచిత్రం. రేసు బూటు చీలమండ దగ్గరే ఆగిపోతుంది, పైదాకా రాదు. బలమైన కాళ్లున్న రేసరు మోకాలు బాగా వంచి, చీలమండని స్వేచ్ఛగా కదిలించాలి కాబట్టి అలా కోశారు. అడుగు గట్టిగా, ఒంగకుండా ఉంటుంది, నెట్టిన బలం వృథా పోదు. 2025లో చైనాలోని బెయిదైహేలో జరిగిన ప్రపంచ స్పీడ్ స్కేటింగ్ పోటీల్లో తమిళనాడు కుర్రాడు ఆనంద్‌కుమార్ వేల్‌కుమార్ వెయ్యి మీటర్లలో బంగారు పతకం కొట్టాడు చూడు, అలాంటివాళ్లకి కావాల్సిన బూటది. నిలబడడం నేర్చుకునే పిల్లకి చీలమండ పైదాకా పట్టుకునే బూటు కావాలి.

ఈ సందర్భంలో నాకు బాగా నచ్చిన డిజైన్ గురించి చెప్పాలి. నువ్వు కొనేది కాదులే, ఐస్ మీద పరుగు పందేలకి వాడేది. పాత ఐస్ స్కేట్లలో బ్లేడు బూటుకి ముందూ వెనకా బిగించేసి ఉండేది. నెట్టేటప్పుడు చివర్లో మడమ లేపితే బ్లేడు ముందు మొన మంచులో గుచ్చుకుంటుంది. అందుకని మడమ లేపకుండా నెట్టడం నేర్పేవారు. అంటే పిక్క కండరాల బలం కొంత బూటులోనే ఉండిపోయేది. నెదర్లాండ్స్‌లో ఆమ్‌స్టర్‌డామ్ ఫ్రీ యూనివర్సిటీలో వాన్ ఇంగెన్ షెనౌ బృందం 1980ల్లో దీనికి విరుగుడు కనిపెట్టింది. బ్లేడుని పాదం ముందు భాగం కింద ఒక మడతబందు మీద పెట్టి, మడమ దగ్గర వదిలేశారు. మడమ లేచినా బ్లేడు మంచునే అంటిపెట్టుకుని ఉంటుంది. కాలు ఎత్తగానే స్ప్రింగు లాగి బ్లేడు ‘టప్’మని బూటుకి తగులుతుంది. ఆ చప్పుడు వల్లే దాన్ని క్లాప్ స్కేట్ అంటారు.

తమాషా ఏంటంటే, చాలా ఏళ్లు పెద్ద ఆటగాళ్లెవరూ దాని వంక చూడలేదు. 1996-97 సీజన్‌లో డచ్ మహిళలు వేసుకుని గెలవడం మొదలుపెట్టాక అందరూ దాని వెంట పడ్డారు. 1998 నాగానో ఒలింపిక్స్‌లో రికార్డులు వరసగా కూలిపోయాయి. అప్పుడు కూడా కొందరు చాంపియన్లకి అది తొందరగా లొంగలేదు. పాత పద్ధతిలో మడమ ఆనించి నెట్టడం వాళ్ల కాళ్లకి అలవాటైపోయింది మరి. అంతంత వాళ్లకే సామాను మారిస్తే మళ్లీ మొదటినించి నేర్చుకోవాల్సి వచ్చింది. ఇంకా మొదలే పెట్టని పిల్లకి పైస్థాయి సామాను ఇస్తే ఏమవుతుందో ఆలోచించు.

సరే, మరి ఏం కొనాలి? డబ్బులో పెద్ద భాగం బూటు మీద పెట్టు. చక్రాలు, బేరింగులు తరవాత మార్చుకోవచ్చు, బూటు మార్చలేవు. కొలత సాయంత్రం తియ్యి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. స్కేటింగ్‌కి వేసుకునే సాక్సే తొడుగు. గోడకి మడమ ఆనించి, కాగితం మీద నిలబెట్టి, అన్నిటికంటే పొడుగు వేలి దగ్గర గీత పెట్టు. కొందరికి బొటనవేలి కంటే పక్క వేలే పొడుగు. రెండు పాదాలూ కొలువు, పెద్దదాన్ని లెక్కలోకి తీసుకో. చెప్పుల నంబరు చెప్పకు, మిల్లీమీటర్లలో చెప్పు. ఇండియా, యూరప్, అమెరికా నంబర్లు వేరువేరు, కంపెనీకో తీరు.

బూటు వేశాక నిలబెడితే వేళ్లు ముందు గోడకి తగిలీ తగలనట్టు ఉండాలి. మోకాళ్లు వంచితే వేళ్లు కాస్త వెనక్కి జరగాలి. అప్పుడు మడమ లేస్తోందేమో వేలు పెట్టి చూడు. లేస్తే ఆ బూటు వద్దు. తరవాత చీలమండ దగ్గర రెండు బొటనవేళ్లతో రెండు పక్కల నించీ గట్టిగా నొక్కు. అట్టపెట్టెలా లోపలికి పోతే పక్కన పెట్టేయ్, ఎంత రంగు రంగుగా ఉన్నా సరే.

పిల్లల పాదం పెరుగుతుంది కాబట్టి సైజు సాగే రకం తీసుకో, మూడు నాలుగు సైజులదాకా సాగుతాయి. ఒక చిన్న కిటుకుంది. బటన్ నొక్కి పూర్తిగా సాగదీసి, లోపల చెయ్యి పెట్టి చూడు. కొన్నిటిలో పై ప్లాస్టిక్ మాత్రం సాగుతుంది, లోపలి మెత్త సాగదు. అది పేరుకే సాగే స్కేటు. రెండేళ్లు పనికొస్తుందని ఇప్పుడే రెండు సైజులు పెద్దది మాత్రం కొనకు. స్కూలు యూనిఫాంకి చెల్లుతుంది ఆ లెక్క, దీనికి చెల్లదు. కొన్ని ఖరీదైన బూట్లని వేడిచేసి పాదం ఆకారానికి ఒత్తుకోవచ్చు. మంచి పద్ధతే, కానీ తరచూ సైజు మారే పాదానికి ఆ ఖర్చు దండగ.

చక్రాలు 70, 72 మిల్లీమీటర్లవి నాలుగు చాలు. 1970లకి ముందు ఇనుము, కర్ర, మట్టి ముద్దలాంటి పదార్థాలతో చక్రాలు చేసేవారు, చిన్న గులకరాయి అడ్డొస్తే మనిషి ఎగిరి పడేవాడు. పాలీయురెథేన్ అనే సాగే ప్లాస్టిక్ వచ్చాకే స్కేటింగ్ మామూలు రోడ్డు మీదకి వచ్చింది. నా లెక్కలో ఈ మొత్తం చరిత్రలో అసలైన మార్పు ఇదే, పేరు మాత్రం ఎవరూ చెప్పరు. చక్రం మీద 82ఎ, 85ఎ అని ఉంటుంది, గట్టిదనం అంకె అది. మీ కాలనీ సిమెంటు రోడ్డుకి 82 దగ్గరది అయితే కాళ్లు ఝుమ్మనవు. నున్నటి రింకులో గట్టివి వాడతారు. మడమ బ్రేకు మాత్రం కోచ్ చెప్పేదాకా ఊడదియ్యొద్దు.

బేరింగుల గురించి నన్ను అడక్కపోయినా చెబుతాను. పెట్టె మీద ‘ఏబెక్ 9’ అని బంగారు రంగులో రాసి ఉంటుంది. 1, 3, 5, 7, 9 అంటూ పోయే ఆ అంకె బేరింగు కొలతలు ఎంత కచ్చితంగా ఉన్నాయో చెబుతుంది, వేగం గురించి కాదు. అతివేగంగా తిరిగే యంత్రాలకి అంత కచ్చితత్వం అవసరం. 72 మిల్లీమీటర్ల చక్రం గంటకి 15 కిలోమీటర్లు పోతే నిమిషానికి సుమారు 1,100 చుట్లు తిరుగుతుంది. దానికి ఏబెక్ 5 దండి. షాపువాడు చక్రాన్ని వేలితో తిప్పి ‘చూడండి సార్ ఎంతసేపు తిరుగుతోందో’ అంటాడు. గ్రీజు లేకపోతే ఏ బేరింగైనా అలాగే తిరుగుతుంది. మనిషి బరువు పడ్డాక ఎలా ఉంటుందన్నదే లెక్క. అన్నిటిలోనూ దాదాపు ‘608’ రకమే ఉంటుంది, లోపల 8, బయట 22, మందం 7 మిల్లీమీటర్లు. విశాఖలో బేరింగుల షాపుల్లో విడిగా దొరుకుతుంది.

బేరింగు పాడయ్యేది నీళ్లూ ఇసకా వల్ల. పిల్లని కళింగపట్నం బీచికి తీసుకెళ్లి అక్కడి రోడ్డు మీద తిప్పావనుకో, ఇసకా ఉప్పుగాలీ కలిసి వారంలో కరకరమంటుంది. కిరసనాయిల్లో కడిగి, బాగా ఆరబెట్టి, కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వెయ్యి. కొబ్బరినూనె వద్దు, చలికాలం పొద్దున్నే పేరుకుపోతుంది. చక్రాలకి లోపలి అంచు ముందు అరుగుతుంది కాబట్టి అప్పుడప్పుడు కుడివి ఎడమకి, ఒకటోది మూడుకి, రెండోది నాలుగుకి మార్చు.

సంక్రాంతి తరవాత మనాలి వెళ్తామన్నావు, సోలాంగ్‌లో స్కీలు అద్దెకిస్తారు. ఈ కాలం స్కీలు ముందూ వెనకా వెడల్పుగా, నడుము దగ్గర సన్నగా ఉంటాయి. 1993లో స్లొవేనియాలో ఎలన్ కంపెనీ ఆ నడుముని బాగా లోతు చేశాక మలుపు తిప్పడం తేలికైంది, స్కీ పొడుగు కూడా తగ్గుతూ వచ్చింది. కాబట్టి గడ్డం దాకా వచ్చేది తీసుకుంటే చాలు, పొడుగుది ఇస్తే మార్చమను. అక్కడా బూటే ముందు చూడు. పడితే బూటు స్కీ నించి ఊడిపోయే బిగింపు ఉంటుంది. మనిషి బరువుని బట్టి దాన్ని సరిచేస్తారు. బరువు నిజం చెప్పు. ఫొటోలో నీ పొట్ట చూశాను, మొహమాటపడి పది కేజీలు తగ్గిస్తే ప్రతి మలుపుకీ స్కీ ఊడొస్తుంది. పిల్లకి దాని బరువు సరిగ్గా చెప్పు, ఎక్కువ చెబితే ఊడాల్సినప్పుడు ఊడదు, మోకాలు మెలిపడుతుంది.

మిగిలిన డబ్బుతో హెల్మెట్, మణికట్టు గార్డులు, మోకాలి ప్యాడ్లు, మోచేతివి కొను. పడేటప్పుడు ఎవరైనా చెయ్యి ఆనిస్తారు కాబట్టి మణికట్టువి మరీ ముఖ్యం. 80 అడుగుల రోడ్డు మీద సాయంత్రాలు తిప్పొద్దు. అమ్మాయికి కూడా ఇదే మాట చెప్పు, పిల్ల అడిగితే కాదనలేదు ఆవిడ.

పాపని తీసుకుని వచ్చే ఆదివారం పొద్దున్నే ఆమదాలవలసలో రైలెక్కండి. నేను విజయనగరంలో ఎక్కుతాను, ముగ్గురం విశాఖ వెళ్లి రెండు మూడు షాపుల్లో తొడిగించి చూద్దాం. స్కేటింగ్ సాక్సు మర్చిపోకు.

ఇట్లు,
మీ మావయ్య