2025 ఏప్రిల్ 7, సోమవారం రాత్రి కాలేజీ బాస్కెట్‌బాల్ ఫైనల్: హ్యూస్టన్‌కి కొత్తగా వచ్చినవాళ్ళకి

ప్రశ్న: నమస్తే అండీ. ఈ జనవరిలోనే ఎం.ఎస్. చదవడానికి యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్‌కి వచ్చాను. నిన్న శనివారం రాత్రి మా అపార్ట్‌మెంట్లంతా ఒకటే కేకలు. మన యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ టీమ్ ఫైనల్‌కి వెళ్ళిందన్నారు. నాకు క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలియదు. ఇది అంత పెద్ద విషయమా? గెలుస్తామా? రూమ్మేట్లు మ్యాచ్ జరిగే సాన్ ఆంటోనియో వెళ్దామంటున్నారు. ఒకరైతే ఆన్‌లైన్‌లో బెట్ కూడా కట్టమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: పెద్ద విషయమే. మీరు వచ్చిన మొదటి సెమిస్టర్‌లోనే ఇది జరగడం మీ అదృష్టం. ఈ ఊళ్ళో ఎన్నో ఏళ్ళుగా ఉంటూ ఈ టీమ్ వెంట తిరుగుతున్నవాళ్ళం, మాలో చాలామందికి ఇలాంటి రాత్రి ఇదే మొదటిసారి.

ముందు లెక్క చెప్తాను. దేశం మొత్తం మీద 68 కాలేజీ జట్లు మార్చిలో మొదలుపెడతాయి. ఒక్క మ్యాచ్ ఓడితే ఇంటికే. ఐపీఎల్‌లో పట్టికలో పైనున్న రెండు జట్లకీ క్వాలిఫయర్ ఓడినా ఇంకో ఛాన్స్ ఉంటుంది, ఇక్కడ అది కూడా లేదు. సీజనంతా నంబర్ వన్‌గా ఉన్నవాళ్ళు కూడా ఒక్క చెడ్డ రాత్రితో బయటికి పోతారు. జట్లని నాలుగు ప్రాంతాలుగా విడగొడతారు. అలాంటిది ఈసారి ఆ నాలుగు ప్రాంతాల టాప్ జట్లూ ఫైనల్ ఫోర్‌కి, అంటే సెమీఫైనల్స్‌కి చేరాయి. 2008 తర్వాత ఇలా జరగడం ఇదే. వాటిలో ఇప్పుడు మిగిలినవి రెండు: మన హ్యూస్టన్, ఫ్లోరిడా. రెండింటికీ 35 గెలుపులు, 4 ఓటములు. ఫ్లోరిడా 2006లో, 2007లో టైటిల్ కొట్టింది. మనకి ఇంతవరకు ఒక్కటీ లేదు.

ఆ ఒక్కటీ లేకపోవడం వెనుక పెద్ద కథే ఉంది. 1968 జనవరిలో ఇదే ఊళ్ళో ఆస్ట్రోడోమ్ స్టేడియంలో 52 వేల మందికి పైగా జనం ముందు ఎల్విన్ హేస్ అనే స్టార్ ఉన్న హ్యూస్టన్ జట్టు, వరసగా 47 మ్యాచ్‌లు గెలిచి వచ్చిన యూసీఎల్ఏ (లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ) జట్టుని 71-69తో ఓడించింది. కాలేజీ బాస్కెట్‌బాల్‌ని టీవీలో దేశమంతా చూడడం ఆ రాత్రితోనే ఊపందుకుంది. తర్వాత 1982, 83, 84 మూడేళ్ళూ ఫైనల్ ఫోర్. క్లైడ్ డ్రెక్స్‌లర్, హకీమ్ ఒలాజువాన్ ఆడిన రోజులవి. 1983 ఫైనల్లో నార్త్ కరోలినా స్టేట్‌తో స్కోరు 52-52. చివరి క్షణాల్లో వాళ్ళవాడు దూరం నుంచి విసిరిన బంతి రింగు దాకా రాలేదు. గాల్లోనే అందుకుని వాళ్ళ లొరెంజో చార్ల్స్ డంక్ చేసేశాడు, అంటే పైకెగిరి చేత్తోనే రింగులోకి కుక్కేశాడు. ఆట అయిపోయింది. ఈ ఊరి పెద్దవాళ్ళ దగ్గర ఆ మ్యాచ్ మాటెత్తితే ఇప్పటికీ ముఖం మారిపోతుంది.

ఒలాజువాన్ గురించి ప్రత్యేకంగా తెలుసుకోండి. లాగోస్‌లో హ్యాండ్‌బాల్, ఫుట్‌బాల్ ఆడుతూ పెరిగి, బాస్కెట్‌బాల్ పట్టుకున్న కొద్దికాలానికే 1980లో నైజీరియా నుంచి ఇదే యూనివర్సిటీకి విద్యార్థిగా వచ్చాడు. తర్వాత ఈ ఊరి ప్రొఫెషనల్ జట్టు రాకెట్స్‌కి ఆడి 1994లో, 1995లో ఈ ఊరికి ఎన్బీయే (దేశపు ప్రొఫెషనల్ లీగ్) టైటిళ్ళు తెచ్చిపెట్టాడు. కాబట్టి "నాకు ఈ ఆట తెలియదు, నేను బయటివాణ్ణి" అనుకోకండి. అక్కడ ఫీజు కడుతున్నారు, ఐడీ కార్డు ఉంది, అది మీ టీమ్.

ఇక మ్యాచ్ సంగతి. హ్యూస్టన్ ఆట చూడడం కొత్తవాళ్ళకి మొదట్లో కొంచెం కష్టం, ఎందుకంటే వీళ్ళ గొప్పతనం బంతి తమ దగ్గర లేనప్పుడే కనిపిస్తుంది. ఎదుటి జట్టుకి సగటున 60 పాయింట్లు కూడా ఇవ్వరు. కోచ్ కెల్విన్ శాంప్సన్ 2014లో వచ్చినప్పుడు ఈ ప్రోగ్రామ్‌ని పట్టించుకునేవాళ్ళే లేరు. ప్రాక్టీసులో రింగు మీద మూత బిగించి బంతి లోపలికి పడకుండా చేస్తాడు. వేసిన ప్రతి షాటూ బయటికే వస్తుంది, దాని కోసం అందరూ కొట్టుకోవాలి. నేల మీద దొర్లే బంతికి ఎవరు ముందు పడతారన్నది ఆయన లెక్కలో షాట్ ఎంతో అంత. అందుకే రేపు బంతి ఎవరు వేశారన్నదే కాకుండా, గురి తప్పిన బంతి ఎవరి చేతిలో పడిందో (దాన్నే రిబౌండ్ అంటారు) కూడా చూస్తూ ఉండండి. సగం ఆట అక్కడే అర్థమైపోతుంది.

నిన్న సెమీఫైనల్లో డ్యూక్ యూనివర్సిటీ మీద జరిగింది దానికి మంచి ఉదాహరణ. రెండో సగంలో 14 పాయింట్లు వెనకబడ్డాం. అరనిమిషం పైచిలుకు మిగిలి ఉండగా కూడా ఆరు పాయింట్లు తక్కువ. అప్పుడు మన ఎమాన్యుయేల్ షార్ప్ త్రీ (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్) వేశాడు. వెంటనే డ్యూక్‌వాళ్ళు గీత బయటి నుంచి బంతిని ఆటలోకి అందిస్తుంటే మనవాళ్ళు లాగేసుకున్నారు. మన షాట్ తప్పితే మన జోసెఫ్ టగ్లర్ పైకెగిరి డంక్ చేశాడు. తేడా ఒక్క పాయింట్. డ్యూక్‌వాడు ఫ్రీ త్రో (ఫౌల్‌కి ఎవరూ అడ్డం రాకుండా వేసే షాట్) తప్పాడు, ఆ రిబౌండ్ దగ్గరే మన జెవాన్ రాబర్ట్స్‌ని డ్యూక్‌వాళ్ళు ఫౌల్ చేశారు. సీజనంతా ఫ్రీ త్రో రాబర్ట్స్‌కి బలం కాదు. అయినా రెండూ వేశాడు, 68-67. ఆ తర్వాత దేశంలోకెల్లా పేరున్న డ్యూక్ కుర్రాడు కూపర్ ఫ్లాగ్ షాట్ వేస్తుంటే రాబర్ట్స్ చెయ్యి అతని ముఖానికి అడ్డంగానే ఉంది. బంతి పడలేదు. చివరికి 70-67తో గెలిచాం. ఆ చివరి నిమిషాన్ని యూట్యూబ్‌లో రెండుసార్లు చూడండి, నియమాలు సగం అక్కడే వచ్చేస్తాయి.

మరి ఫ్లోరిడా? భయపడాల్సిన జట్టే. సగటున 85 దాకా వేస్తారు. వాళ్ళ వాల్టర్ క్లేటన్ జూనియర్ నిన్న ఇంకో సెమీఫైనల్లో ఆబర్న్ మీద ఒక్కడే 34 కొట్టాడు. అంతకుముందు టెక్సస్ టెక్ చేతిలో దాదాపు ఓడిపోయిన మ్యాచ్‌ని కూడా చివరి మూడు నిమిషాల్లో వెనక్కి లాక్కొచ్చింది అతనే. వెనకబడినా టెన్షన్ పడే రకం కాదు, మనవాళ్ళ లాగే. అతని మీదికి ఇద్దరిని పంపితే పక్కన విల్ రిచర్డ్, అలైజా మార్టిన్ ఉన్నారు. పైగా వాళ్ళ పొడుగు కుర్రాళ్ళు రిబౌండ్లకి మనవాళ్ళంత ఆకలిగానే ఉంటారు. నాకున్న అసలు బెంగ అదే.

అయినా నా నమ్మకం మన టీమ్ మీదే. వరసగా 18 గెలిచాం. పర్డ్యూ మీద చివరి సెకనులో మన మిలోష్ ఉజాన్ బంతిని గీత బయటి నుంచి అందించి, తిరిగి తనే అందుకుని వేసి గెలిపించాడు. ఎల్.జే. క్రయర్ 2021లో బేలర్‌తో టైటిల్ గెలిచినవాడు, ఇలాంటి రాత్రి అతనికి కొత్త కాదు. నిన్న 26 వేశాడు కూడా. ఫ్లోరిడాని 70 దాటనివ్వకపోతే కప్పు మనదే అనుకుంటున్నాను. వేగంగా పరుగెత్తే ఆటగా మారి 80లలోకి వెళ్తే వాళ్ళది.

ఇప్పుడు మీ మిగతా ప్రశ్నలు. బెట్టింగ్ మాత్రం వద్దే వద్దు. టెక్సస్‌లో స్పోర్ట్స్ బెట్టింగ్‌కి చట్టం ఒప్పుకోదు. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్ళకి చిన్న పోలీసు రికార్డు కూడా పెద్ద తలనొప్పి. ఈ మధ్య అలాంటి కారణాలకే విద్యార్థుల సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ జాబితా) రికార్డులు రద్దవుతున్నాయని వార్తలు వస్తున్నాయి. యాభై డాలర్ల సరదాకి డిగ్రీని పణంగా పెట్టకండి, తమ్ముడూ. మ్యాచ్ తర్వాత ఎవరైనా బీరు తాగి స్టీరింగ్ పట్టుకుంటే ఆ కారెక్కకండి, మొహమాటపడకండి.

సాన్ ఆంటోనియో ఐ-10 మీద మూడు గంటల పైనే. ఆట మన టైమ్‌లో రాత్రి 7:50కి మొదలవుతుంది, అయ్యేసరికి పది దాటుతుంది. పార్కింగ్‌లోంచి బయటపడి ఇంటికొచ్చేసరికి రెండు. నిద్రమత్తులో హైవే మీద మన పిల్లలకి జరిగిన ప్రమాదాలు ఎన్ని విన్నామో మీకూ తెలుసు. వెళ్తే రాత్రికి అక్కడే ఉండేలా వెళ్ళండి, లేదా మానండి. వాట్సాప్‌లో ఎవరో స్క్రీన్‌షాట్ పంపి టికెట్ అమ్ముతానంటే డబ్బు పంపొద్దు. అసలు టికెట్ మీ సొంత ఫోన్ అకౌంట్‌లోకి ట్రాన్స్‌ఫర్ కావాలి.

వెళ్ళకపోయినా నష్టం లేదు. మ్యాచ్ సీబీఎస్‌లో వస్తుంది, హ్యూస్టన్‌లో అది 11వ ఛానల్. చిన్న యాంటెన్నా పెట్టుకుంటే ఉచితం, కేబుల్ అక్కర్లేదు. కానీ గదిలో ఒక్కరే కూర్చుని చూడొద్దు. క్యాంపస్‌లోనో, చుట్టుపక్కల రెస్టారెంట్లలోనో జనం ఉన్నచోటికి ఎర్ర చొక్కా వేసుకుని వెళ్ళండి. ఎవరో "హూజ్ హౌస్?" అని అరుస్తారు. "కూగ్స్ హౌస్!" అని మీరూ గట్టిగా అనండి (మన టీమ్ పేరు కూగర్స్, ముద్దుగా కూగ్స్). అందరూ ఉంగరపు వేలు అరచేతిలోకి మడిచి చెయ్యెత్తుతారు. అప్పట్లో టెక్సస్ యూనివర్సిటీతో ఆటకి వెళ్తుంటే షాస్టా అనే యూనివర్సిటీ కూగర్ (పిల్లి జాతి పెద్ద అడవి మృగం) పంజాలో ఒక వేలు బోను తలుపులో పడి తెగిపోయింది. అవతలివాళ్ళు వేలు మడిచి వెక్కిరిస్తే, మనవాళ్ళు దాన్నే తమ గుర్తుగా చేసుకున్నారు. పక్కన కూర్చున్నవాళ్ళని మొహమాటం లేకుండా అడగండి, ఫౌల్ ఎందుకిచ్చారో, గడియారం ఎందుకాపారో. సంతోషంగా చెప్తారు. మీ ల్యాబ్‌లో ఇన్నాళ్ళుగా పలకరించని అమెరికన్ క్లాస్‌మేట్ కూడా మంగళవారం ముందు ఈ మ్యాచ్ గురించే మాట్లాడతాడు.

ఇవాళ శ్రీరామనవమి. గుడిలో కల్యాణం చూసి, వడపప్పు, పానకం తీసుకుని, రాత్రికి మంగళవారం ఇవ్వాల్సిన అసైన్‌మెంట్ పూర్తి చేసేయండి. రేపు ఏడున్నరకల్లా టీవీ ముందుండాలి. గో కూగ్స్!