నర్సంపేట దగ్గర మూడున్నర ఎకరాలున్నాయి, ఉద్యోగం వదిలి వ్యవసాయానికి రావచ్చా?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఇరవై ఏడేళ్లు, హైదరాబాద్‌లో నెలకు 28 వేల జీతం, ఊళ్లో మూడున్నర ఎకరాలు, ఒక బోరు, పత్తి, మిర్చి వేస్తారు, బాపుకు మోకాళ్ల నొప్పులు. "వచ్చి చేస్తే బతకగలనా అన్నా?" అని అడిగావు. నేనూ ఆ చుట్టుపక్కల వాణ్నే. 2019లో నీలాగే ఉద్యోగం మానేసి వచ్చాను. ఇప్పటికీ చేస్తున్నాను కాబట్టి నాకు ఎదురైంది చెప్తాను.

ఏ పంట వేయాలో చెప్పేవాళ్లు నీకు చాలామంది దొరుకుతారు. నేను ముందు ఒకటి అడుగుతా. వచ్చాక భూమి మీద నిర్ణయం ఎవరిది? ఈ మాట మీ బాపుతో తేల్చుకున్నావా? మా ఊరికి నాలాగే తిరిగొచ్చిన పిలగాళ్లు ఐదారుగురు ఉన్నారు. అందులో ముగ్గురు మళ్లీ హైదరాబాద్ బస్సెక్కారు. ముగ్గురూ కష్టపడేవాళ్లే. ఇంట్లో తమ మాట చెల్లక వెళ్లిపోయారు.

నా మొదటి రెండేళ్లు అట్లాగే గడిచాయి. పొద్దున ఐదింటికి బాయికాడికి పోవడం, మోటారు వేయడం, పత్తికి మందు కొట్టడం, కైకిలోళ్లను ఆటోలో తోలుకురావడం, యూరియా కోసం లైన్లో నిలబడటం, పని మొత్తం నాదే. ఏ విత్తనం తేవాలి, ఎంత అప్పు చేయాలి, పత్తి ఎప్పుడు అమ్మాలి అనేది మాత్రం బాపు చూసుకునేవాడు. అమ్మిన పైసలు ఎంత వచ్చాయో కూడా నాకు తెలిసేది కాదు. సెల్ రీచార్జికి ఆయన్ని అడగాల్సి వచ్చేది. నెలనెలా జీతం తీసుకున్నవాడికి అది ఎంత చిన్నతనంగా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు. మా బాపు చెడ్డవాడు కాదు. మా తాత పోయాకే ఆయన చేతికి లెక్క వచ్చింది. ఆయనకు తెలిసిన పద్ధతి అది.

సర్కారు లెక్కల్లో కూడా పట్టాదారు పాసుబుక్కు ఎవరి పేరు మీద ఉంటే వాళ్లే రైతు. సర్కారు ఇచ్చే పెట్టుబడి సాయం, అదే రైతు భరోసా, కింద ఎకరానికి పంటకు 6 వేలు పడేది వాళ్ల ఖాతాలోనే. పంట రుణం 3 లక్షల దాకా తీసుకొని గడువులో కడితే వడ్డీ 4 శాతమే పడుతుంది, అది కూడా పాసుబుక్కు చూపించినవాళ్లకే సులువు. రైతు చనిపోతే ఇంటివాళ్లకు వచ్చే రైతు బీమా 5 లక్షలు 18 నుంచి 59 ఏళ్ల మధ్య ఉన్న పట్టాదారులకే. మా బాపుకు అరవై దాటాయి కాబట్టి ఆయనకు బీమా లేదు. అప్పటికి నా పేరు మీద పట్టా లేదు కాబట్టి నాకూ లేదు. కరెంటు మోటారు దగ్గర, పురుగుల మందుల మధ్య పనిచేసేది మేము, అప్పుడు ఇంట్లో ఒక్కరికీ బీమా లేదు. ఈ సంగతి తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

2021లో ఒక రాత్రి అన్నం తినేటప్పుడు అడిగేశాను. "రెండెకరాలు నాకు కౌలుకియ్యి బాపూ, ఊళ్లో ధర ఎంతుంటే అంత ఇస్తా. లాభమైనా నష్టమైనా నాదే, నువ్వు చెప్పింది వింటా గానీ ఏం చేయాలనేది నేనే చూసుకుంటా" అన్నా. కొడుకు తండ్రికి కౌలు కట్టడమేందని ఆయన కోపం చేశాడు. రెండు రోజులు మాట్లాడలేదు. మా అమ్మే మధ్యలో పడి ఒప్పించింది. ఎకరానికి 15 వేల చొప్పున రాసుకున్నాం.

ఆ ఏడే నల్ల తామర పురుగు వచ్చింది. నీకు గుర్తుండే ఉంటుంది, వరంగల్, ములుగు, భూపాలపల్లి అంతా మిర్చి తోటలు పోయాయి. ఆ పురుగు పువ్వులో దాక్కొని గీకి రసం పీలుస్తుంది. పువ్వు రాలిపోతుంది, నిలిచిన కాయ వంకర పోతుంది. మందుల షాపు ఆయన ఏదిస్తే అది తెచ్చి కొట్టాను. నాలుగు రోజులకోసారి కొట్టిన వారాలున్నాయి. కొట్టినకొద్దీ పురుగు పెరిగింది. దాన్ని తినే మిత్రపురుగులను నేనే చంపుకుంటున్నానని తర్వాత గానీ తెలియలేదు. సంక్రాంతి నాటికి 2 లక్షల 10 వేలు పెట్టి, తోటను ట్రాక్టరుతో దున్నేసి మక్క వేశాను. బాపు "నేను ముందే చెప్పలేదా" అంటాడేమోనని భయపడ్డా. ఆయన మక్క విత్తనాల సంచి తెచ్చి గట్టు మీద పెట్టి పోయాడు. ఆ సాయంత్రమే నేను వ్యవసాయంలో ఉంటానని అనుకున్నా.

తర్వాతి ఏడు షాపు మాట పక్కన పెట్టి, మహబూబాబాద్ జిల్లా మల్యాలలో ఉన్న ఉద్యాన పరిశోధన కేంద్రానికి ఆకులు, పువ్వులు కవర్లో వేసుకొని పోయాను. నీలి రంగు జిగురు అట్టలు, తోట చుట్టూ రెండు మూడు సాళ్లు మక్క, ఒకే మందు పదే పదే కొట్టకపోవడం, యూరియా తగ్గించడం, వాళ్లు చెప్పినవి ఇవే. నీలాంటి చదువుకున్నవాడు ఊరికి వస్తే మొదట ఉపయోగపడేది ఇక్కడే. మా బాపు ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా ఆ గేటు లోపలికి పోలేదు, తనలాంటివాళ్లను రానిస్తారని ఆయన అనుకోలేదు.

ఇప్పుడు లెక్క చెప్తా, నోటుబుక్కులో ఉన్నది ఉన్నట్టు. 2022-23లో రెండెకరాల మిర్చి 34 క్వింటాళ్లు, సగటున క్వింటాకు 17 వేలు. కౌలు, కాయ ఏరిన కూలి అన్నీ కలిపి ఖర్చు 3 లక్షల 10 వేలు. మిగిలింది 2 లక్షల 68 వేలు. 2025లో అదే రెండెకరాలకు 36 క్వింటాళ్లు పండాయి గానీ ధర పడిపోయింది, సగటు 10,500 దాటలేదు. ఖర్చు 3 లక్షల 40 వేలు. మిగిలింది 38 వేలు. పంట ఎక్కువ వచ్చిన ఏడే తక్కువ మిగిలింది. ఇంటి ఖర్చు ఆ ఏడు పాల పైసలతో నడిచింది, రెండు బర్రెలున్నాయి. మిర్చి ఒక్కటే నమ్ముకొని నీ 28 వేల జీతం వదిలితే ఇలాంటి ఏడు ఒకటి వచ్చినా తట్టుకోలేవు. కనీసం ఏడాది ఇంటి ఖర్చు బ్యాంకులో పెట్టుకొని రా.

పేపర్లో ధర చూసి లెక్కలు వేయకు. వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో పొద్దున జెండా దగ్గర మంచి లాటుకు పాడే వేలం పాటను జెండా పాట అంటారు. పేపర్లో వచ్చేది ఎక్కువగా అదే. తేమ, రంగు, తాలు (రంగు పోయిన నాసి కాయ) చూసి మిగతా బస్తాలకు దానికంటే తక్కువే కడతారు. కల్లంలో ఇంకో రెండు రోజులు ఎండబెట్టి, తాలు కాయ ఏరి, గ్రేడు వేరు చేసి తెచ్చిన లాటుకు నాకు క్వింటాకు 1,200 దాకా తేడా వచ్చిన రోజులున్నాయి.

ఈ ఏడు అర ఎకరంలో చపాట వేశాను. టమాటా మిర్చి అంటామే, అది. కారం తక్కువ, రంగు ఎక్కువ, పచ్చళ్లకు బాగా అడుగుతారు. 2025లో వరంగల్ చపాటకు జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతం పంటే అనే గుర్తింపు, కూడా వచ్చింది. విత్తనం మన కాయల నుంచే తీసుకోవచ్చు, అది నాకు బాగా నచ్చింది.

పెళ్లి సంగతి కూడా దాచను. "పిలగాడు ఏం చేస్తడు" అంటే "వ్యవసాయం" అనగానే మూడు సంబంధాలు వెనక్కి పోయాయి. నాలుగోసారి మా మామగారికి ఆ నోటుబుక్కే ఇచ్చి చూడమన్నా, నష్టం వచ్చిన ఏడుతో సహా. ఆయన చదివి, మా బాపును ఒకటే అడిగారు, పిల్లోడి పేరు మీద ఏముందని. ఆ నెలలోనే బాపు తహసీల్ ఆఫీసులో గిఫ్ట్ రిజిస్ట్రేషన్ చేసి ఎకరం నా పేరు మీదికి మార్చాడు. నాకు పాసుబుక్కు వచ్చింది, బీమా వచ్చింది.

కాబట్టి ఉద్యోగం అప్పుడే మానకు. ఫిబ్రవరిలో మీ బాపు మిర్చి తోలుకొని పోయేటప్పుడు వారం సెలవు పెట్టి రా. మూడు రోజులు ఏరే వాళ్లతో కలిసి తోటలో ఉండు, తర్వాత ఆయనతో పాటు ఎనుమాములకు పో. రాత్రి యార్డులో బస్తాల పక్కనే పడుకోవాల్సి వస్తుంది, పొద్దున పాట దాకా మాట్లాడుకోవడం తప్ప వేరే పని ఉండదు. ఒక ఎకరం సంగతి అక్కడ అడుగు.