అవోరియాజా? అవోరియానా?

ప్రశ్న: మా అమ్మాయి ఫ్రాన్స్‌లోని గ్రెనోబ్ల్‌లో చదువుతోంది. స్కీయింగ్‌కు వెళ్లే ఒక కొండ ఊరిని అక్కడివాళ్లు ‘అవోరియా’ అంటున్నారట, పారిస్ నుంచి వచ్చినవాళ్లు ‘అవోరియాజ్’ అంటున్నారట. ఏది సరైనది?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అవోరియా. ఆ ఊరున్న సవ్వా ప్రాంతంలో ఊళ్ల పేర్ల చివర ఏజెడ్, ఓజెడ్ అని రాసి ఉంటే ఆ జెడ్‌ను పలకరు. అక్కడి పాత వాడుక భాష ఫ్రాంకో-ప్రొవాన్సాల్. చివరి అచ్చును తేలిగ్గా వదిలేసి దాని ముందున్న అక్షరాన్ని ఒత్తి పలకాలని చెప్పడానికి పూర్వపు లేఖకులు జెడ్ రాసేవారు. చివరి అక్షరాన్నే ఒత్తాలంటే ఎక్స్ రాసేవారు. షామోనీ చివర ఎక్స్ ఉన్నా వినిపించకపోవడానికి కారణం ఇదే. ఈ సంగతి తెలియని బయటివాళ్లు రాసినదంతా చదివేశారు. ఆ ఉచ్చారణ ఇప్పుడు బాగా పాతుకుపోయింది. అయినా ఊరివాళ్ల మాట వినడమే మర్యాద.

ఈ సూత్రాన్ని ఇంటిపేర్లకు మాత్రం గుడ్డిగా వాడొద్దు. గ్రెనోబ్ల్ ఉన్న ఇజేర్ ప్రాంతంలోనే 1803లో పుట్టిన సంగీతకర్త బెర్లియోజ్ పేరులో జెడ్ స్పష్టంగా పలుకుతుంది. సందేహం వస్తే ‘కొమాఁ ప్రొనోఁసే వూ వొత్ర్ నోఁ?’ (మీ పేరెలా పలకాలి?) అని అడగమనండి. ఎవరూ నొచ్చుకోరు.

దక్షిణాదికి వెళ్తే మరో తేడా. మార్టిన్ అని మనం చదివే పేరు పారిస్‌లో ‘మార్తెఁ’. అక్కడ వినిపించేది అరసున్నే. తులూజ్ వైపు అది ‘మార్తెంగ్’కు దగ్గరగా వస్తుంది. మనవాళ్లు తడబడేది రెండుచోట్ల: త బదులు ట అంటారు, అరసున్నను నిండుసున్న చేస్తారు. నైరుతిలోని లోట్, జేర్స్ నదుల పేర్లలో చివరి హల్లు పలుకుతుంది. మార్సెయ్ పక్కన ‘కాసిస్’ అని రాసే ఊరు మాత్రం స్థానికులకు కాసీయే. ‘కాసిస్’ అంటే పండు.

కెనడాలోని కెబెక్‌లో ఇ, ఈ, య ముందు త, ద మారిపోతాయి. గాయని సెలీన్ డియోన్ ఇంటిపేరు ఫ్రాన్స్‌లో ‘ద్యోఁ’, కెబెక్‌లో ‘ౙ్యోఁ’. జామపండులోని జ మనకుంది కాబట్టి తెలుగువారికి ఇది తేలిక.

ప్రశ్న: చరిత్ర పాఠంలో ఫ్రెంచి గవర్నర్ పేరును ‘డూప్లే’ అని చదివాం. అదే సరైనదా?
– ఒక పాఠకుడు, యానాం

జవాబు: ఫ్రెంచివారు చివరి ఎక్స్‌ను పలుకుతారు: ‘ద్యుప్లెక్స్’. పారిస్ మెట్రోలో ఆ పేరున్న స్టేషన్‌నూ అలాగే అంటారు. 1757 బొబ్బిలి యుద్ధంలోని బుస్సీ పేరు మన పలుకుబడికి దగ్గరే, మొదటి అచ్చు తప్ప. ‘ఉ’కు చుట్టినట్టు పెదవులు చుట్టి ‘ఇ’ అంటే అది వస్తుంది.