వెన్నెముక మూసుకోవడమేంటి?

సందేహం: గర్భిణులకు ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఎందుకిస్తారో చెప్పే ఒక వ్యాసంలో "నాలుగో వారానికల్లా పిండంలో వెన్నెముక మూసుకుంటుంది" అని చదివాను. ఎముక మూసుకోవడమేంటో అర్థం కాలేదు. మా అబ్బాయి ఇంటర్ పుస్తకం తిరగేస్తే వెన్నుపాము, కశేరుకలు, పృష్ఠవంశం అని ఇంకో మూడు మాటలు కనిపించాయి. ఇవన్నీ వెన్నెముకకు పర్యాయపదాలేనా? ఒకదాని బదులు ఇంకోటి వాడొచ్చా?

సమాధానం: వాడకూడదండీ. మీకు సరైన చోటే అనుమానం వచ్చింది. నాలుగో వారానికి పిండంలో ఎముకన్నదే లేదు, ఇక మూసుకునేదెక్కడ? ఆ సమయంలో మూసుకునేది నాడీ నాళం, అంటే మెదడూ వెన్నుపామూ కాబోయే గొట్టం. వ్యాసం రాసినవారు తేలిక మాట కోసం వెతికి వెన్నెముక దగ్గర ఆగిపోయినట్టున్నారు.

మూడో వారంలో పిండమంటే మూడు పొరల బిళ్ల. పై పొర పేరు బహిస్త్వచం. వీపు వైపున, సరిగ్గా నడిమధ్యలో ఆ పొర మందమై నాడీ ఫలకం అవుతుంది. చాపను రెండు పక్కలా ఎత్తి అంచులు కలిపినట్టు ఆ ఫలకం అంచులు లేచి, దగ్గరకొచ్చి, అతుక్కుని గొట్టమవుతాయి. మెడ వచ్చే చోట మొదలైన అతుకు అటు తలవైపుకీ ఇటు తోకవైపుకీ సాగుతుంది, తలవైపు ద్వారం సుమారు 25వ రోజుకి, తోకవైపుది 28వ రోజుకి మూసుకుంటాయి. ముందు భాగం మూడు బుడిపెలుగా ఉబ్బి మెదడవుతుంది, వెనక మిగిలిన పొడుగు భాగమే వెన్నుపాము. అంటే మెదడూ వెన్నుపామూ ఒకే గొట్టానికి రెండు కొసలు. వెన్నుపాము నాడీ కణజాలం, దాంట్లో ఎముక రవ్వంత కూడా ఉండదు.

వెన్నెముక పుట్టుక వేరు. అది మధ్య పొర నుంచి, అంటే మధ్యత్వచం నుంచి వస్తుంది. నాళానికి రెండు పక్కలా వరుసగా ఏర్పడే కణాల ముద్దల్లోంచి కొన్ని కణాలు వచ్చి నాళం చుట్టూ చేరతాయి, ముందు మృదులాస్థి అయి తర్వాత ఎముకగా గట్టిపడతాయి. వెన్ను + ఎముక = వెన్నెముక, మొత్తం స్తంభానికి ఆ పేరు. అందులో ఒక్కో ఎముక వెన్నుపూస. పుస్తకాల్లోని కశేరుక కూడా ఈ వెన్నుపూసే. అమరకోశంలో కశేరుక అంటే వీపు ఎముక, వెన్నెముక ఉన్న జీవులకు వాడే సకశేరుకాలు అన్న మాట అక్కణ్ణించే.

అసలు చిక్కంతా పృష్ఠవంశంతోనే. పృష్ఠం అంటే వీపు, వంశం అంటే వెదురు. వెదురులా కణుపు కణుపుగా ఉండేది కాబట్టి సంస్కృతంలో దానికి వెన్నెముక అనే అర్థం, నిఘంటువు చూసినా అదే దొరుకుతుంది. తెలుగు జీవశాస్త్ర పుస్తకాల్లో మాత్రం ఈ మాటను నోటోకార్డ్‌కి పెట్టారు. అది పిండంలో నాడీ నాళం కిందుగా సాగే మెత్తటి కడ్డీ, కణుపులు లేవు, ఎముక కాదు. నన్నడిగితే నోటోకార్డ్ అని ఉన్నదున్నట్టు తెలుగులో రాసుకుంటేనే నయం, పిల్లలకి ఒక అయోమయం తప్పుతుంది.

అయోమయం తప్పాలని ఇంత పట్టుబట్టడానికి కారణం, ఆ కడ్డీ చేసే పని చాలా గొప్పది. వెన్నుపాములో ఎక్కడ ఏ కణం పుట్టాలో చెప్పేవాటిలో అదొకటి. సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే ప్రొటీన్‌ని కింది నుంచి వదులుతుంది. అది చిక్కగా అందిన కణాలు ఒక రకంగా, పలచగా అందినవి ఇంకో రకంగా మారతాయి, కండరాల్ని కదిలించే నాడీకణాలు నాళం కింది సగంలో పుట్టేది ఇందుకే. పై నుంచి బీఎంపీ ప్రొటీన్లు వస్తాయి, స్పర్శ, నొప్పి లాంటి కబుర్లు అందుకునే కణాలు ఆ వైపున తయారవుతాయి. కోడి పిండంలో ఇంకో నోటోకార్డ్ ముక్క తెచ్చి నాళం పక్కన పెడితే, మామూలుగా రాని ఆ చోట కూడా కదలిక కణాలు పుట్టాయి. అంతకు చాలా ముందే, 1924లో, జర్మన్ శాస్త్రవేత్తలు హాన్స్ స్పీమన్, హిల్డె మాంగోల్డ్ ఒక న్యూట్ (బల్లిలా కనిపించే, కప్పల జాతికి దగ్గరి ఉభయచరం) పిండంలోంచి నోటోకార్డ్ కాబోయే కణజాలాన్ని తీసి, ఇంకో పిండం పొట్ట వైపున అతికించారు. పొట్ట చర్మం కావలసిన ఆ పిండం కణాలు రెండో నాడీ నాళమై కూర్చున్నాయి. ఇంత చేసే దాన్ని వెన్నెముకకు మారుపేరనుకుని దాటేస్తే పాఠమే పోతుంది.

పెద్దయ్యాక ఆ కడ్డీ ఏమవుతుందంటే, వెన్నుపూసల మధ్య డిస్కుల్లో ఉండే మెత్తటి గుజ్జుకి మూలం అదే. "డిస్క్ జారింది" అన్నప్పుడు బయటికి పొడుచుకొచ్చేది ఎక్కువగా ఆ గుజ్జే.

పనిలో పనిగా ఇంకో వాడుక. "వెన్నుపాములోంచి నీరు తీశారు" అని టీవీల్లో తెగ చెబుతుంటారు, విన్నవాళ్లకి అనవసరంగా టెన్షన్. గర్భంలో మూడో నెల దాకా వెన్నుపాము, వెన్నెముక ఒకే పొడుగు. తర్వాత ఎముక పెరిగినంతగా పాము పెరగదు, పెద్దవాళ్లలో నడుము మొదటి, రెండో పూసల దగ్గరే ఆగిపోతుంది. డాక్టర్లు సూది గుచ్చేది దాని కింద, వెన్నుపాముకి తగలకుండా. "వెన్నులోంచి నీరు తీశారు" అంటే సరిపోతుంది.

మళ్లీ ఆ వ్యాసం సంగతి. నాళం తోకవైపు కొస మూసుకోకపోతే దాని మీదికి రావలసిన వెన్నుపూస కమాను కూడా తెరిచే ఉండిపోతుంది. స్పైనా బైఫిడా అంటే అదే, బహుశా ఆ వ్యాసకర్త మనసులో ఉన్నదీ అదే కావచ్చు. కానీ ముందు తప్పేది నాళం, ఎముక తర్వాత. "నాలుగో వారానికల్లా నాడీ నాళం మూసుకుంటుంది" అని రాస్తే చాలు. ఆ నాలుగో వారం ఫలదీకరణ నుంచి లెక్క అన్న ముక్క కూడా పక్కన చేర్చాలి. డాక్టర్లు ఆఖరి నెలసరి నుంచి లెక్కేస్తారు కాబట్టి వాళ్ల చీటీలో అది ఆరో వారమవుతుంది, చాలామందికి గర్భం సంగతి తెలిసేదే ఆ రోజుల్లో. నాళం సరిగ్గా మూసుకోవడానికి తోడ్పడే ఫోలిక్ యాసిడ్‌ని గర్భానికి ముందు నుంచే వేసుకోమనేది అందుకే.