కథ చెప్పకు, గడి నింపు

ప్రశ్న: హన్మకొండలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పైథాన్ మీద పనిచేస్తున్నాను. ప్రోగ్రామ్ తన పనిని ఎప్పటికప్పుడు రాసిపెట్టే లాగ్‌లకు కూడా యూనిట్ టెస్టులు (కోడులోని చిన్న భాగాలను సరిచూసే పరీక్షలు) రాయమని మా టీమ్ లీడ్ చెబితే రాశాను. పోయిన వారం ఒక లాగ్ లైనులో ‘సరిపోలేదు’ అన్న మాటను ‘తేడా వచ్చింది’ అని మార్చాను, పదకొండు టెస్టులు ఫెయిలయ్యాయి. ప్రోగ్రామ్ మాత్రం బాగానే నడుస్తోంది. అసలు లాగ్‌లను టెస్టు చేయాలా సార్? స్ట్రక్చర్డ్ లాగింగ్‌కు మారితే ఈ టెన్షన్ పోతుందా?
– ఒక పాఠకురాలు, ఎల్కతుర్తి

జవాబు: సగం పోతుందమ్మా. మిగతా సగం, ఏ లైనును టెస్టు చేయాలో మీరు తేల్చుకున్నప్పుడు పోతుంది.

మా బాపు ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో గుమాస్తా. ఎండాకాలం సెలవుల్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకొని తక్‌పట్టీలు (రైతుకిచ్చే లెక్క చీటీలు) రాయించేవాడు. రైతు పేరు, ఊరు, సరుకు, బస్తాలు, తూకం, ధర, కింద హమాలీ, దడ్వాయి (తూకం కూలి), కమీషన్. ఒకరోజు ఉషారెక్కి, ‘పర్కాల నుంచి పొద్దున్నే వచ్చిన పెద్దాయన మిర్చి 38 బస్తాలు కాంటా పెడితే 16 క్వింటాళ్ల 34 కిలోలు తూగింది’ అని ఒకే వాక్యంగా రాసేశాను. బాపు ఆ కాయితం చింపి, “కథ చెప్పకు, గడి నింపు” అన్నాడు. అప్పుడు కోపమొచ్చింది. సాయంత్రం సేటు ఆ రోజు మొత్తం తూకం ఎంతని అడిగితే, బాపు తూకం గడి వెంట వేలు దించుకుంటూ పోయి ఐదు నిమిషాల్లో కూడి చెప్పాడు. నా వాక్యంలో ఆయన వేలు ఎక్కడ పెట్టాలి?

మీ ఇప్పటి లాగ్ ‘లాట్ 42 తూకంలో 3 కిలోల తేడా వచ్చింది’ అని వాక్యంగా ఉందనుకోండి. స్ట్రక్చర్డ్ లాగ్‌లో ఈవెంట్ పేరు ‘తూకం_తేడా’, లాట్ 42, తేడా_కిలోలు 3, అంతే. ఈవెంట్ పేరు ఎప్పటికీ మారదు, మారే విలువలు వాటి గడుల్లో ఉంటాయి. (పైథాన్ 3 తెలుగు అక్షరాల్లో పేర్లు పెడితే ఒప్పుకుంటుంది. మీ లీడ్ ఒప్పుకోరు.)

ఈ తేడా నాకు ఒక వేబ్రిడ్జి (బండ్లను తూచే కాంటా) ప్రోగ్రామ్ దగ్గర తెలిసొచ్చింది. లాట్ 42 తూకం తప్పు పడిందని రాత్రి పది గంటలకు ఫోను. లాగ్‌లో 42 అని వెతికితే 142 వచ్చింది, 420 వచ్చింది, ఫోన్ నంబర్లలోని 42లూ వచ్చాయి. ఒంటిగంట దాకా కూర్చున్నాను. ఆ లాగంతా నేను రాసిన వాక్యాలే, తిట్టుకోవడానికి ఇంకెవరూ దొరకలేదు.

ఇక టెస్టుల సంగతి. మీ టెస్టులు వాక్యాన్ని పట్టుకొని వేలాడుతున్నాయి కాబట్టి మాట మారగానే పడిపోయాయి. పైథాన్‌తోపాటు వచ్చే యూనిట్‌టెస్ట్ లైబ్రరీలో పైథాన్ 3.4 నుంచే ‘అసర్ట్‌లాగ్స్’ ఉంది. పైటెస్ట్ లైబ్రరీ వాడేవాళ్లకు, పైటెస్ట్ 3.3 నుంచి ‘క్యాప్‌లాగ్’ లోపలే వస్తుంది. ఈ రెండింటిలోనూ మొత్తం లాగ్‌ను అక్షరాల్లో చూడొచ్చు, ఒక్కో రికార్డునూ (ఒక్కో లాగ్ ఎంట్రీనీ) విడిగా చూడొచ్చు. అక్షరాల్లో చూడటం సులువు కాబట్టి అందరూ అటే పోతారు. మీరు రికార్డు తీసుకొని లెవెల్ (ఆ లైను ఎంత ముఖ్యమో చెప్పే గుర్తు) వార్నింగేనా, లాట్ 42 ఉందా, తేడా 3 ఉందా అని అడగండి. స్ట్రక్ట్‌లాగ్ లైబ్రరీ వాడితే ఇంకా హాయి. దాని ‘క్యాప్చర్_లాగ్స్’ ఒక్కో ఎంట్రీని డిక్షనరీగా, అంటే గడి పేరు, విలువ జతలుగా చేతికిస్తుంది.

చాలామంది లాగ్ రాసే లాగర్ స్థానంలో మాక్ (ఉత్తుత్తి లాగర్) పెట్టి, ‘ఈ మాటతో పిలిచారా’ అని చూస్తారు. నాకది నచ్చదు. మాక్ ఏమిచ్చినా ఊఁ అంటుంది, అసలు లాగర్ అనదు. ఉదాహరణకు పైథాన్ మామూలు లాగర్‌కు ‘ఎక్స్‌ట్రా’ ద్వారా రైతు పేరును ‘నేమ్’ అనే గడిలో పంపి చూడండి, కీఎర్రర్ అనే తప్పు వస్తుంది. ఆ పేరు గడి రికార్డులో ముందే ఉంది, లాగర్ తన పేరు అందులో పెట్టుకుంటుంది. అదే లైను డీబగ్ లెవెల్లో, అంటే తప్పులు వెతికేటప్పుడే ఆన్ చేసే లెవెల్లో ఉంటే మరీ ప్రమాదం. డీబగ్ ఆపి ఉన్నన్ని రోజులూ రికార్డే తయారు కాదు కాబట్టి తప్పు బయటపడదు. ఏదో సమస్య వచ్చి, దాన్ని వెతకడానికి డీబగ్ ఆన్ చేసిన రోజే ప్రోగ్రామ్ కూలుతుంది. అసలు లాగర్‌తో, డీబగ్ లెవెల్ పెట్టి టెస్టు రాస్తే ఇది మీ కంప్యూటర్లోనే దొరికేది. అసర్ట్‌లాగ్స్ మామూలుగా డీబగ్‌కు పై మెట్టయిన ఇన్ఫో నుంచే వింటుంది, లెవెల్ మీరే చెప్పాలి.

అన్ని లైన్లకూ టెస్టులు వద్దు. ఆ లాగ్ రాకపోతే ఎవరికైనా నష్టమా అని చూడండి. తూకం తేడా వస్తే సూపర్‌వైజర్ ఫోనుకు అలర్ట్ పోయేది ఆ ఈవెంట్ పేరు చూసే అయితే, దానికి టెస్టు ఉండి తీరాలి. రైతు డబ్బు ఎవరు మార్చారో చెప్పే ఎంట్రీకీ ఉండాలి. ‘ఫంక్షన్‌లోకి వచ్చాను, పోయాను’ అనే లైన్లకు టెస్టు రాయడం దండగ. అంతా సవ్యంగా నడిచినప్పుడు ఎర్రర్ లాగ్ రాకూడదనీ ఒక టెస్టు పెట్టండి, పైథాన్ 3.10 నుంచి ‘అసర్ట్‌నోలాగ్స్’ ఉంది. మీ పదకొండు టెస్టుల్లో మూడో నాలుగో మిగులుతాయని నా అంచనా. మిగతావి తీసేయండి, లీడ్‌కు నా మాటగా చెప్పండి.

ప్రశ్న: మా యాప్ లాగ్‌లో రైతుల ఫోన్ నంబర్లు పడుతున్నాయని, చివరి నాలుగు అంకెలే కనిపించేలా స్ట్రక్ట్‌లాగ్‌లో ఒక ప్రాసెసర్ (లాగ్ ఎంట్రీని రాసేముందు మార్చే ఫంక్షన్) రాశాం. క్యాప్చర్_లాగ్స్‌తో టెస్టు చేస్తే పూర్తి నంబరే కనిపిస్తోంది. ఎక్కడ తప్పు? లాగ్‌లను ఎన్నాళ్లు ఉంచాలి?
– కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీ ప్రాసెసర్ బాగానే ఉండి ఉంటుంది. క్యాప్చర్_లాగ్స్ పనిచేస్తున్నంతసేపు, మీరు అమర్చిన ప్రాసెసర్లను మామూలుగా పక్కన పెట్టేస్తుంది. మీ కోడు పంపిన సరుకు కడగకముందే మీ చేతికొస్తోంది.

ప్రాసెసర్ అంటే మూడు విలువలు తీసుకొని డిక్షనరీ తిరిగిచ్చే మామూలు ఫంక్షన్. దాన్ని నేరుగా పిలిచి, ఒక దొంగ నంబరిచ్చి చూడండి. అది చాలదు. దాన్ని అసలు వరుసలో పెట్టడం మరిచిపోతే? అందుకని నిజమైన అమరికతోనే లాగ్‌ను మెమరీలోకి జేసన్‌గా (గడి పేరు, విలువ జతల అక్షర రూపం) రాయించి, ఆ పది అంకెలు ఎక్కడా లేవని చూసే టెస్టు ఇంకొకటి పెట్టండి. ఇక్కడ మాత్రం మొత్తం అక్షరాల్లో వెతకడమే మంచిది. ఎందుకంటే మీరు ఫోన్ గడిని దాచినా, ఎక్సెప్షన్ సందేశంలో (ప్రోగ్రామ్ తప్పు జరిగినప్పుడు ఇచ్చే మాటలో) అదే నంబరు దర్జాగా బయటికొస్తుంది.

లాగ్‌లను ఎన్నాళ్లు ఉంచాలనీ అడిగారు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం 180 రోజులు, అదీ మన దేశ పరిధిలో. అన్నాళ్లు ఉండేదానిలో ఫోన్ నంబరు అసలెందుకు? రైతుకో ఐడీ ఇవ్వండి, నంబరు డేటాబేస్‌లో ఉంటుంది.

ప్రశ్న: తెల్లవారుజామున గేటు దాటిన బండ్లు మా రిపోర్టులో ముందు రోజు తేదీతో వస్తున్నాయి. లాగ్ తప్పు రాస్తోందా?
– జనగామ నుంచి ఒక పాఠకుడు

జవాబు: లాగ్ తప్పు రాయడం లేదు. యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) రాస్తోంది. మన 4:50 అక్కడ ముందు రోజు రాత్రి 11:20. మీ రిపోర్టు ఆ టైములోంచి మొదటి పది అక్షరాలు కత్తిరించి తేదీ అనుకుంటోంది. లాగ్‌ను కదిలించకండి, రిపోర్టులో ముందు ఐదున్నర గంటలు కలిపి, ఆ తర్వాత తేదీ తీయండి. టెస్టు కోసం ప్రోగ్రామ్ గడియారాన్ని బయటి నుంచి ఇచ్చేలా మార్చుకోండి. తెల్లవారి 5:29కి ఒక బండిని, 5:31కి ఇంకో బండిని గేటు దాటించండి. రెండూ ఒకే తేదీలో పడాలి.