ఎముకల మందు మొదలుపెట్టే ముందు: సుజాతకు పిన్ని ఉత్తరం

సుజాతా,

మీ అమ్మ రాత్రి ఫోన్‌లో ఇంకేవో కబుర్లు చెబుతూ మధ్యలో అసలు సంగతి బయటపెట్టింది. ఎముకల గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్‌లో నీ వెన్ను స్కోరు మైనస్ 2.8 వచ్చిందట. ఆరు నెలలకోసారి వేసే ఇంజెక్షన్ అయితే గొడవ ఉండదని నువ్వు దానికే మొగ్గుతున్నావట. డాక్టర్ చెప్పగానే తలూపేయకుండా, "ఆలోచించుకుని వస్తానండీ" అని లేచి వచ్చావని విని భలే ముచ్చటేసింది. మేమైతే చీటీ మీద ఏది రాస్తే అది మింగేవాళ్ళం. కానీ ఆ ఇంజెక్షన్ మాట విన్నాక మాత్రం నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిక పట్టు.

ముందు చిన్న చిన్నవి. మైనస్ 2.5, అంతకంటే కిందికి పోతే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముకలు గుల్లబారడం అనే అంటారు. పైగా పోయినేడు నిలబడ్డచోట పడితేనే నీ మణికట్టు విరిగింది. కాబట్టి మందు అక్కర్లేదు, నడక చాలు అనేవాళ్ళ మాట చెవిన పెట్టకు. నడక కావాలి, మందూ కావాలి. మొదలుపెట్టే ముందు కాల్షియం, విటమిన్ డి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, థైరాయిడ్, పారాథైరాయిడ్ రక్తపరీక్షలు చేయించుకో. డి తక్కువుంటే ముందు అది సరిచేసుకోవాలి.

మాత్రల సంగతి నాకు బాగా తెలుసు. నేను వాడింది అలెండ్రోనేట్, వారానికి ఒకటి, 70 మిల్లీగ్రాములు. పొద్దున్నే పరగడుపున, నిండు గ్లాసు మంచినీళ్ళతో మింగాలి. కాఫీతో కాదు, పాలతో అసలే కాదు. ఆ తర్వాత అరగంట నడుం వాల్చకూడదు. ఏమీ తినకూడదు, ఇంకే మాత్రా వేసుకోకూడదు. కాల్షియం బిళ్ళ దాంతో కలిస్తే మందు ఒంటికి పట్టదు. నేను ఆ అరగంటా వరండాలో అటూ ఇటూ తిరుగుతూ గడియారం చూసుకునేదాన్ని. మీ బాబాయి "పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్‌లా ఉన్నావు" అని ఏడిపించేవారు. నవ్వితే నవ్వారు గానీ, ఆ మాత్ర గొంతులో ఆగితే అన్నవాహిక పుండు పడుతుంది. నీకు ఎప్పటినుంచో గుండెల్లో మంట కదా, అందుకే ఈ దారి నీకు నప్పదేమో. నాకు ఐదేళ్ళయ్యాక డాక్టర్ కొన్నాళ్ళు విరామం ఇచ్చారు. ఆ జాతి మందు ఎముకలోకి చేరి అక్కడే కొన్నేళ్ళు ఉండిపోతుంది కాబట్టి అలా ఆపినా చెల్లుతుంది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకో, కిందికి పనికొస్తుంది.

ఇక పెద్దమ్మ సంగతి. ఆవిడకు నడుం పట్టేసింది, వంగిపోయింది అని మాత్రమే మీ పిల్లలకు తెలుసు. జరిగింది వేరు.

ఆవిడకు ఇచ్చింది డెనోసుమాబ్, నువ్వు అనుకుంటున్న ఆ ఇంజెక్షనే. 2010లో వాడకంలోకి వచ్చింది, అక్క మొదలుపెట్టేనాటికి ఇంకా కొత్తే. చర్మం కింద చిన్న సూది, ఆరు నెలలకోసారి. జ్వరం లేదు, మంట లేదు, ఏమీ లేదు. రెండేళ్ళకు స్కాన్ తీస్తే స్కోరు చక్కగా పెరిగింది. అక్క ఆ రిపోర్టును కవర్లోంచి తీసి వచ్చినవాళ్ళందరికీ చూపించేది. తర్వాత కొడుకు దగ్గరికి ఇల్లు మారడం, సామాను సర్దడం, కొత్త చోట డాక్టర్ కుదరకపోవడం. "వచ్చే నెల చూద్దాంలే, ఎముకలు గట్టిపడ్డాయిగా" అంటూ వాయిదా వేసింది. ఇంజెక్షన్ వేసే చోటినుంచి ఒక్క ఫోనూ రాలేదు. ఆపితే ఏమవుతుందో మొదటిరోజు కూడా వాళ్ళు చెప్పలేదు.

ఒకరోజు మంచం మీద దుప్పటి సరిచేస్తూ పరుపు మూల కాస్త ఎత్తింది. అంతే. వీపులో కలుక్కుమంది. పట్టేసిందనుకుని మర్దనా చేయించుకుంది. వారం తిరక్కుండా తుమ్మితే ఇంకోచోట. ఎక్స్‌రేలో మూడు వెన్నుపూసలు ముందువైపు నలిగిపోయి ఉన్నాయి. ఎక్కడా జారలేదు, పడలేదు. ఆ తర్వాత వంటింటి పై అరలో డబ్బా ఆవిడకు అందలేదు. మా అక్క మా అందరిలోకీ పొడగరి, సుజాతా. పెళ్ళి ఫోటోలో మీ పెదనాన్నతో సమానంగా నిలబడింది.

ఎందుకలా అయిందో ఆ తర్వాత చూసిన డాక్టర్ ఓపిగ్గా చెప్పాడు. మన ఎముకను తినే కణాలుంటాయి, కట్టే కణాలుంటాయి. ఈ ఇంజెక్షన్ తినే కణాలను లేవకుండా ఆపుతుంది. కానీ మాత్రలా ఎముకలో నిలవ ఉండదు. ఆరు నెలలు దాటి మందు దిగిపోగానే ఆగినవన్నీ ఒక్కసారిగా లేస్తాయి, ఆనకట్ట గేట్లన్నీ ఒకేసారి ఎత్తినట్టు. పెరిగిన బలం కొద్ది నెలల్లోనే పోతుంది, ఒక పూస కాదు, వరసగా రెండు మూడు విరగవచ్చు. మళ్ళీ అదే ఇంజెక్షన్ మొదలుపెట్టి నిలబెట్టారు గానీ, నలిగిన పూసలు మళ్ళీ లేవలేదు.

ఇది చెడ్డ మందని నేననడం లేదు. కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్ళకు మిగతావి కుదరనప్పుడు ఇది ఇస్తారు, కాల్షియం పడిపోకుండా చూసుకుంటూ. తుంటి విరగకుండా కాపాడుతుంది కూడా. కానీ దీన్ని ఊరికే ఆపకూడదు. ఎప్పుడు ఆపినా దాని వెనకే అలెండ్రోనేటో, అదే జాతి జోలెడ్రోనిక్ యాసిడో అందుకోవాలి. తేదీ ఒక నెలకు మించి జారకూడదు. ఉద్యోగరీత్యా ఊళ్ళు పట్టుకు తిరిగేదానివి, కరెంటు బిల్లు గడువే గుర్తుండని దానివి, నీకెందుకమ్మా ఈ టెన్షన్? కోప్పడుతున్నాననుకోకు. నువ్వు అక్కలాగే పొడగరివి.

నన్నడిగితే నీకు ఏడాదికోసారి సెలైన్‌లా ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ మేలనిపిస్తుంది. 5 మిల్లీగ్రాములు, పావుగంటకు తగ్గకుండా ఎక్కిస్తారు. కడుపుతో పని లేదు కాబట్టి నీ గుండెల్లో మంటకు భయం లేదు. క్రియాటినిన్ మాత్రం బాగుండాలి. మొదటిసారి ఎక్కించాక రెండు మూడు రోజులు జ్వరం, ఒళ్ళు నొప్పులు రావచ్చు. ముందు రోజు నుంచే నీళ్ళు బాగా తాగు, పారాసెటమాల్ దగ్గర పెట్టుకో, ఆ వారం పెద్ద పనులు పెట్టుకోకు. రెండోసారికి ఆ బాధ చాలావరకు ఉండదు.

దవడ ఎముక కుళ్ళిపోతుందని ఎవరో నీకు చెప్పారట. అబద్ధం కాదు గానీ, మన మోతాదులో అది పదివేలలో ఒకరికో, అంతకంటే తక్కువ మందికో వస్తుంది. క్యాన్సర్‌కు పెద్ద మోతాదులో వాడేవాళ్ళకు ఆ ముప్పు ఎక్కువ. తుంటి విరిగితే మంచం పట్టేవాళ్ళు నాకు బోలెడుమంది తెలుసు, దవడ పోయినవాళ్ళు ఒక్కరూ తెలియరు. అయినా ఆ కదిలే పన్ను పీకించుకుని, పుండు మానాకే మందు మొదలుపెట్టు. తొడలోనో గజ్జలోనో దెబ్బ తగలకుండా నొప్పి మొదలై వారాలపాటు ఉంటే దాచకు, వెంటనే చెప్పు. ఏళ్ళ తరబడి వాడినవాళ్ళలో అరుదుగా తొడ ఎముక అడ్డంగా విరుగుతుంది, దానికి ముందు ఆ నొప్పే కబురు పంపుతుంది.

రోజూ పొడుచుకునే టెరిపారటైడ్, గుండెపోటు వచ్చినవాళ్ళకు పనికిరాని రోమోసోజుమాబ్, ఈ రెండూ ఎముక కట్టే మందులు. వెన్ను బాగా విరిగినవాళ్ళకు ముందుగా ఇస్తారు. నీదాకా ఆ మాట వస్తే ఒక్కటే అడుగు: ఇది అయిపోయాక దీని వెనక ఏమిస్తారు? ఏ మందుకైనా ఆ ప్రశ్న అడిగి, జవాబు కాగితం మీద రాయించుకుని రా.

నువ్వు ఏళ్ళుగా మింగుతున్న ఆ యాసిడిటీ మాత్రల చీటీ కూడా డాక్టర్‌కు చూపించు. వాటిని ఎక్కువకాలం వాడినవాళ్ళలో ఎముకలు విరగడం ఎక్కువని చూశారు, అవి ఇంకా అవసరమో కాదో ఆయనే తేలుస్తాడు. రాత్రి బాత్రూంకి లేచేటప్పుడు లైటు వెయ్యి, ఫోన్ వెలుగులో తడుముకోకు. పన్ను ఎప్పుడు తీయిస్తున్నావో ఫోన్ చేసి చెప్పు. తోడు మీ అమ్మను పిలవకు, ఆవిడ రక్తం చూస్తే కళ్ళు తిరిగి పడుతుంది. నేనొస్తాను.

మీ పిన్ని