మ్యూజియంలో పిల్లలకి కోడింగ్ నేర్పబోయే అమ్మలుకి

అమ్మలూ,

వచ్చే నెల నుంచి మ్యూజియంలో స్కూల్ పిల్లల కోడింగ్ వర్క్‌షాపులు నువ్వే చూస్కోవాలన్నావు కదా, ఎంత సంతోషమేసిందో. ప్లాన్ కూడా చదివా, బావుంది గానీ ఒక్కచోట మనసొప్పట్లేదు. పిల్లలు రాగానే కంప్యూటర్ రూమ్‌లో కూర్చోబెట్టి, చివర్లో టైముంటే గ్యాలరీ చూపిస్తానని రాశావు. దాన్ని తిరగెయ్యమ్మా. కంప్యూటర్ వాళ్ళ స్కూల్లోనూ ఉంటుంది, గ్యాలరీలో ఉన్న వస్తువు వాళ్ళకి స్కూల్లో దొరకదు.

మీ దగ్గర జకార్డ్ మగ్గం ఉందన్నావు, దాంతోనే మొదలెట్టు. 1804లో ఫ్రాన్స్‌లో జకార్డ్ అనే ఆయన చేసిన పద్ధతి అది, చిల్లులు పెట్టిన అట్టలు వరసగా కట్టి ఉంటాయి, అట్టకి చిల్లున్నచోట కొక్కెం పడుగు దారాన్ని (నిలువు దారాన్ని) పైకి లేపుతుంది, చిల్లు లేకపోతే దారం కిందే ఉంటుంది, మధ్యలోంచి పేక, అంటే అడ్డ దారం, పోతుంది. ఇదంతా నువ్వు ముందే చెప్పెయ్యకు. పెన్సిలూ కాగితం ఇచ్చి (పెన్ను వద్దు, ఇంకు మరక వస్తువు మీద పడితే పోదు) పది నిమిషాలు దాని ముందు కూర్చోబెట్టి, ఏ దారం లేవాలో దీనికి ఎవరు చెప్తున్నారు అని ఒక్క ప్రశ్న అడిగి ఊరుకో. ఒకసారి నేను చెప్తున్నప్పుడు ఎనిమిదో క్లాసు పిల్ల ఒకతి వేలుతో గాల్లోనే అట్టలు లెక్కపెట్టుకుంటూ పోయి పోయి, "చివరి అట్టని మళ్ళీ మొదటి అట్టకే కట్టేశారు, అందుకే పువ్వు మళ్ళీ మళ్ళీ వస్తోంది" అంది. లూప్ (ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించడం) అనే మాట నేనింకా ఎత్తనేలేదు! ఆ తర్వాత రూమ్‌కి వెళ్ళి కోడింగ్‌లో ఆ పని చేసే ఫరెవర్ బ్లాక్ చూపిస్తే ఎవరికీ ఏమీ వివరించాల్సిన పనే రాలేదు.

పై క్లాసుల వాళ్ళొస్తే ఆడా లవ్‌లేస్ గురించి రెండు ముక్కలు చెప్పు, మొదటి ప్రోగ్రామర్ అని చాలామంది చెప్పుకునే ఇంగ్లండ్ ఆవిడ, 1843లోనే, జకార్డ్ మగ్గం పువ్వులూ ఆకులూ నేసినట్టు బాబేజ్ అనే ఆయన తలపెట్టిన లెక్కల యంత్రం బీజగణితాన్ని నేస్తుందని రాసింది.

రూమ్‌లోకి వచ్చాక కూడా వెంటనే స్క్రీన్ వద్దు. గ్రాఫ్ కాగితం మీద అయిదడ్డం అయిదు నిలువు గళ్ళు గీయించి, మగ్గం మీద చూసిన పువ్వుని ఆ 25 గళ్ళలో ఇరికించమను. భలే కష్టపడతారు, రేకు తీసెయ్యాలా కాడ తీసెయ్యాలా అని కొట్టుకుంటారు, ఆ టైము తగ్గించకు, అసలు పని అక్కడే జరుగుతోంది. మైక్రోబిట్ (పిల్లలు కోడ్ రాసి నడిపించే చిన్న సర్క్యూట్ బోర్డు) మీద సరిగ్గా 25 లైట్లే ఉంటాయి, కాబట్టి కాగితం మీద నలుపు చేసిన గడి బోర్డు మీద వెలుగుతుంది. తర్వాత బోర్డుని పక్కకి వంచితే పువ్వు మారాలి, బటన్ నొక్కితే విచ్చుకోవాలి అని వాళ్ళే అడుగుతారు. చిన్న క్లాసుల వాళ్ళకైతే స్క్రాచ్ (స్క్రీన్ మీద రంగు దిమ్మలు జోడించి కోడ్ చేసేది) చాలు.

ఇక సామాను సంగతి. నా మొదటి వర్క్‌షాప్‌లో నలభై నిమిషాలు ఉత్తినే పోయాయి, బోర్డులో లైటు వెలుగుతోంది గానీ కంప్యూటర్‌కి బోర్డు కనపడదు, తీరా చూస్తే సగం కేబుళ్ళు ఉత్త ఛార్జింగ్ కేబుళ్ళు, లోపల డేటా వైర్లే లేవు. పిల్లలేమో తమ తప్పే అనుకుని బిక్కమొహాలేసుకుని కూర్చున్నారు, అది ఇప్పటికీ బాధే నాకు. ముందురోజే ప్రతి కేబులూ పెట్టి చూసి, పనిచేసిన దానికి రంగు టేపు చుట్టు. నెట్ పోయినా నడిచేలా సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసిపెట్టు, బ్యాటరీలు ఎక్కువే తెచ్చుకో.

ఒక్కో కంప్యూటర్‌కి ఇద్దరే. మౌస్ చేతులు మారుతోందా లేదా కనిపెట్టుకుని ఉండు, లేకపోతే గంటన్నరా ఒకరే చేస్తారు, రెండోవాళ్ళు చూస్తూ కూర్చుంటారు, చాలాసార్లు ఆ చూస్తూ కూర్చునేది ఆడపిల్లలే. ఎవరిదన్నా ఆగిపోతే మౌస్ నీ చేతుల్లోకి తీస్కోకు అమ్మలూ, ఎంత ఆలస్యమైనా సరే, "ఏం జరగాలనుకున్నావు, ఏం జరిగింది" అని అడిగి పక్కన కూర్చో.

చివరి పావుగంట మళ్ళీ గ్యాలరీకే తీస్కెళ్ళు, వెలుగుతున్న బోర్డులు చేతుల్లో పట్టుకుని మగ్గం ముందు నిలబడి, తమ పువ్వు దేంట్లోంచి వచ్చిందో వాళ్ళనే చూపించమను. అక్కడ కాపలా ఉండే వాళ్ళకి ముందే చెప్పి ఉంచు, వాళ్ళూ వచ్చి చూస్తారు.

మార్చిన ప్లాన్ పంపు, చూస్తా.

మీ పెద్దమ్మ